చిన్న విమానమునకు కళ్ళెము
(మన సంఘ సభలో చేసిన ప్రసంగపాఠము)



కార్యదర్శిగారు నన్ను ప్రసంగింపుమని కోరినప్పుడు సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో మాట్లాడుదునని మీలో కొందరు తలచియుందురు. ఆ విషయములను సాధికారముగా చెప్పగలవారు ఈ సభలోనే పెక్కుమంది కలరు. నేను ఎన్నుకొన్నది ఒక చిన్న యంత్రవిషయము. రేడియోతో నడపబడు విద్యుత్ మోడల్ విమానములందు మోటారు వేగమును అదుపు చేయు ఎలక్ట్రానిక్ పరికరము ఒకటి ఉండును. దానినే స్పీడ్ కంట్రోలర్ అందురు. మన మాటలో వేగనియంత్రకము అనవచ్చును. దానిని ఎట్లు ఎన్నుకొనవలెనో, ఎట్లు అమర్చవలెనో, ఎట్లు పరీక్షింపవలెనో చెప్పుట నా ఉద్దేశము.

ఇది పిల్లల ఆట గదా, పెద్దల సభలో దీని ప్రసక్తి యేల అని అడుగవచ్చును. ఈ ఆటలో విద్యుత్తు, లోహవిద్య, రేడియో, గాలి లక్షణము, వీటన్నిటికి మించి జాగ్రత్త అను గుణము ఒక్కచోట చేరుచున్నవి. ఒక బాలుడో బాలికయో తన చేతులతో ఒక విమానమును కట్టి, దాని తీగలను తానే అతికి, మొదటిసారి మోటారును తిప్పి చూచుకొన్నప్పుడు నేర్చుకొన్నది పాఠ్యపుస్తకములోని పది పుటల కంటె గట్టిగా మనస్సున నిలుచును.

మాట గాలిలో తేలిపోకుండుటకై ఒక స్థలమును మన కన్నుల ముందుంచుకొందము. అది బస్తరు సీమలోని ఎర్రబోరు. జగదల్‌పూరు నుండి సుక్మా, దోర్నపాల్ మీదుగా కోంటకు పోవు జాతీయరహదారిపై, దోర్నపాలునకు కోంటకు నడుమ ఉన్న ఊరు ఇది. ఈ దారి కోంట దాటి తెలుగునేలలో ప్రవేశించి విజయవాడ దాపునకు చేరును. సుక్మా జిల్లా 2012లో ఏర్పడినది. అంతకుముందు ఈ ప్రాంతము దంతెవాడ జిల్లాలో ఉండెడిది. శబరీ తీరమందలి ఈ సీమలో తెలుగు మాట కొత్తది కాదు. దోర్లా జనుల పలుకులో తెలుగు చాల కలిసినది. ఊరి పేరు పలికినప్పుడే మన చెవికి ‘ఎర్ర’ అను మాట వినిపించును. మనవంటి కేంద్రప్రభుత్వోద్యోగులకు ఇట్టిచోట్లకు బదిలీలు వచ్చుచుండును. అచ్చట కొలువున్న ఒక తెలుగు కుటుంబము తమ పిల్లలతో కలిసి ఒక విద్యుద్విమానమును కట్టదలచినదని ఊహింపుడు. వారికి ఏమి తెలియవలెనో అదే నా ప్రసంగవిషయము.

ఇట్టి స్థలమును ఏల ఎన్నుకొంటినందురా? హైదరాబాదులోనో ఢిల్లీలోనో ఒక నియంత్రకము కాలిపోయినచో సాయంకాలమునకే వేరొకటి తెచ్చుకొనవచ్చును. ఎర్రబోరులో అది కుదరదు. కాలిన ముక్కకు బదులు రావలెనన్న దూరపు ఊరినుండి పార్సెలు రావలెను. ఎదురుచూపులో పిల్లల ఉత్సాహము చల్లారిపోవును. పైగా ఆ సీమ వేసవి యెండ తీవ్రమైనది, వర్షాకాలపు తేమ దీర్ఘమైనది, దారిదుమ్ము సన్ననిది. కావున అచ్చట పనిచేయునట్లు అమర్చినవాడు ఎచ్చటనైనను పనిచేయునట్లు అమర్చగలడు.

మొదట కొంచెము పూర్వచరిత్ర. విద్యుత్తుతో మోడల్ విమానము నెగురవేయుట నేటి మాట కాదు. 1957 జూన్ 30వ తేదీన ఇంగ్లండులో కర్నల్ హెచ్. జె. టాప్లిన్ అను నతడు ‘రేడియో క్వీన్’ అను మోడలును వెండి–జింకు బ్యాటరీతో, విద్యుత్ మోటారుతో, రేడియో అదుపులో ఎగురవేసెను. నమోదైన ప్రయత్నములలో అది మొదటిదిగా ప్రసిద్ధి కెక్కినది. కాని ఆనాటి మోటారులు బరువైనవి, బ్యాటరీలు అంతకంటె బరువైనవి. అందువలన అటుపిమ్మట చాలకాలము మోడల్ విమానములకు నూనె ఇంజనులే ఆధారమైనవి.

ఆ తొలిదినములలో మోటారు వేగమును మార్చుటకు మంచి ఉపాయము లేదు. మోటారు తిరుగుటయో ఆగుటయో తప్ప నడుమ స్థితి లేని స్విచ్చి ఒక పద్ధతి. తీగచుట్టలో కొంత విద్యుత్తును వేడిగా వ్యర్థము చేసి, మిగిలినది మోటారునకిచ్చుట మరియొక పద్ధతి. ఈ రెండవది కాలువనీటిని సగము నేలపాలు చేసి సగము మడికి పెట్టినట్లుండెడిది. 1959లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు మహమ్మద్ అటాలా, డావన్ కాంగ్ అను శాస్త్రజ్ఞులు మాస్‌ఫెట్ అను ట్రాన్సిస్టరును నిర్మించిరి. దాని సంతతియే నేటి నియంత్రకములకు ప్రాణము. తరువాత 1980లలో నియోడిమియం అయస్కాంతములు, 1991లో లిథియం అయాన్ బ్యాటరీలు విపణికి వచ్చుటతో, బరువు తగ్గి బలము పెరిగి, విద్యుద్విమానము సామాన్యుల చేతి కందినది.

ఇప్పుడు నియంత్రకము చేయు పని యేమో చూతము. చేనికి నీరు పెట్టు తూము తలుపును తలచుకొనుడు. తలుపును సగము తెరచి యుంచిన సగము నీరు పారును. అట్లు కాక, తలుపును పూర్తిగా తెరచుచు, పూర్తిగా మూయుచు, ఈ తెరచి మూయుటను కంటికి కానరానంత వేగముగా సాగించినచో, తెరచియున్న కాలమును బట్టి నీటి మొత్తము నిర్ణయమగును. నియంత్రకములోని ట్రాన్సిస్టరులు ఈ పనినే సెకనుకు వేలకొలది మార్లు చేయుచుండును. పూర్తిగా తెరచినప్పుడు అడ్డు లేదు, పూర్తిగా మూసినప్పుడు ప్రవాహము లేదు. అందువలన వ్యర్థమగునది స్వల్పము.

నేటి మోడల్ విమానములలో వాడునవి బ్రష్‌లు లేని మోటారులు. వీటికి మూడు తీగలుండును. లోపలి తీగచుట్టలు కదలవు. వెలుపల అయస్కాంతములతో కూడిన గిన్నె తిరుగును. ఏ చుట్టకు ఎప్పుడు విద్యుత్తు నీయవలెనో నియంత్రకము నిర్ణయించును. ఆ క్షణమున విద్యుత్తు లేని చుట్టలో పుట్టు వోల్టేజిని చూచి, అయస్కాంతము ఎచ్చటనున్నదో అది గ్రహించును. పదునాలుగు అయస్కాంతములున్న మోటారు ఒక చుట్టు తిరుగుటకు నియంత్రకము 42 మార్లు విద్యుత్తు దారిని మార్చవలెను. మోటారు నిమిషమునకు 8,000 చుట్లు తిరిగినచో ఈ మార్పులు సెకనుకు 5,600. అరచేతిలో అగ్గిపెట్టెయంత ముక్క ఇంత పని చేయుచున్నదని తెలిసినవాడు దానిని నిర్లక్ష్యముగా చూడలేడు.

నియంత్రకమునకు మూడు బాధ్యతలు కలవు. మొదటిది మోటారును తిప్పుట. రెండవది, బ్యాటరీ వోల్టేజిని సుమారు 5 వోల్టులకు దించి రేడియో రిసీవరునకు, చుక్కానిని త్రిప్పు సర్వోలకు అందించుట. ఈ భాగమును బి.ఇ.సి. అందురు. మూడవది, బ్యాటరీ మితిమీరి క్షీణింపక మునుపే మోటారును తగ్గించుట లేక ఆపుట. మొదటి బాధ్యత తప్పినచో విమానము జారుచు దిగును. రెండవది తప్పినచో దానిని అదుపు చేయు దిక్కే యుండదు. కావున చాలమంది మోటారునే చూచినను, ప్రమాదమున్నది ఈ రెండవ బాధ్యతలోనే.

ఇక ఎన్నిక. ఉదాహరణకు అంతయు కలిపి ఒక కిలో తూగు శిక్షణ విమానము నెత్తుకొందము. ఇట్టి నెమ్మదైన విమానమునకు కిలోకు 150 నుండి 200 వాట్ల శక్తి చాలును. మనము 200 వాట్లు తీసికొందము. మూడు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీకి ఒక్కొక్క సెల్లు 3.7 వోల్టుల చొప్పున 11.1 వోల్టులు. 200ను 11.1తో భాగించిన సుమారు 18 ఆంపియర్లు వచ్చును. ఇరువది ఆంపియర్ల నియంత్రకము చాలునని లెక్క చెప్పును. కాని లెక్క నీడపట్టున కూర్చుండి చేసినది, విమానము ఎండలో ఎగురవలసినది. ఎర్రబోరు వంటి వేడి ప్రదేశమునకు 30 ఆంపియర్లది తీసికొనుట వివేకము. ధరలోను బరువులోను భేదము స్వల్పము.

మోటారు పెట్టెపై ‘కెవి’ అని ఒక అంకె యుండును. బరువు లేనప్పుడు ఒక వోల్టుకు నిమిషమున ఎన్ని చుట్లు తిరుగునో అది తెలుపును. 1000 కెవి మోటారు 11.1 వోల్టులకు 11,100 చుట్లు తిరుగగలదు. ప్రొపెల్లరు తగిలించిన ఆ సంఖ్య తగ్గును. ఇచ్చట గమనింపవలసిన దేమన, విద్యుత్తు నెంత లాగవలెనో నిర్ణయించునది నియంత్రకము కాదు, ప్రొపెల్లరు. పది అంగుళములకు బదులు పదునొకండు అంగుళములది తగిలించినచో ఆంపియర్లు ఒక్కసారి పెరిగిపోవును. నియంత్రకముపై వ్రాసిన 30 అనునది అది భరింపగల హద్దే గాని, అది ఇచ్చు కొలత కాదు. బండిపై మోయదగిన బరువు వ్రాసియున్నంత మాత్రమున ఎక్కించువాడు ఆగునా? ఎక్కించువాని చేతిలోనే బండి క్షేమమున్నది.

బి.ఇ.సి. విషయమున కూడ చిన్న లెక్క యొకటి కలదు. పాత తరహా బి.ఇ.సి. అధికమైన వోల్టేజిని వేడిగా మార్చును. 11.1 వోల్టులనుండి 5 వోల్టులకు దింపుచు ఒక ఆంపియరు ఇచ్చినచో 6.1 వాట్లు కేవలము వేడియగును. నాలుగు సర్వోలున్నను, నాలుగు సెల్లుల బ్యాటరీ వాడినను ఈ వేడి భరింపరానిదగును. అట్టిచోట స్విచ్చింగ్ తరహా బి.ఇ.సి. ఉన్న నియంత్రకమునే కొనవలెను. కొన్ని నియంత్రకములకు బి.ఇ.సి. ఉండనే యుండదు. వాటితో రిసీవరునకు వేరుగా విద్యుత్తు నేర్పాటు చేయవలెను. పెట్టెపై నున్న అక్షరములను చదువక కొన్నవాడు ఈ సంగతిని ఎర్రబోరు చేరిన పిమ్మట తెలిసికొనిన ప్రయోజనము లేదు.

ఇక అమరిక. నియంత్రకమునకు ఒకవైపు రెండు లావు తీగలు, ఎరుపు ఒకటి, నలుపు ఒకటి. ఇవి బ్యాటరీకి. రెండవవైపు మూడు తీగలు మోటారునకు. నడుమనుండి మూడుపోగుల సన్నని తీగ రిసీవరులో థ్రాటిల్ స్థానమునకు. మోటారు తీగలు మూడింటిని ఏ క్రమమున కలిపినను హాని లేదు. మోటారు వ్యతిరేకదిశలో తిరిగినచో వాటిలో ఏ రెండింటినైనను తారుమారు చేసిన చాలును. కాని బ్యాటరీ తీగలను తారుమారు చేసినచో క్షమాభిక్ష లేదు. ఒక్క క్షణములో పొగ వచ్చి నియంత్రకము బూడిదయగును. కావున ఎరుపును ఎరుపుతో, నలుపును నలుపుతో కలిపితినని ఒకరు చెప్పగా వేరొకరు చూచి ఔననవలెను. ఇంట్లో పిల్లలకు ఈ రెండవ పనిని అప్పగించుడు. పెద్దవారి పనిని పరీక్షించు గౌరవము వారికి దక్కును. పెద్దవారికి రెండవ జత కన్నులు దక్కును.

టంకము వేయుటలో కొన్ని మెళకువలు కలవు. లావు తీగలకు 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్ కావలెను. చిన్నది తీసికొనినచో తీగ వేడెక్కునంతలో పైతొడుగు కరగిపోవును. వేడిని టంకమునకు కాక తీగకు ఇయ్యవలెను. తీగ వేడెక్కి తానే టంకమును పీల్చుకొనవలెను. అతుకు నునుపుగా మెరయుచు, లాగిన ఊడకుండ నుండవలెను. రేకుల పనిలో వాడు యాసిడ్‌ను ఇచ్చట వాడరాదు. అది తీగలోనికి ప్రాకి కొన్నినెలలకు తినివేయును. రోజిన్ కలిగిన టంకమే మేలు. అతుకునకు ముందే వేడికి కుదించుకొనిపోవు ప్లాస్టిక్ గొట్టమును తీగకు ఎక్కించుట మరువరాదు. బ్యాటరీ వైపు తీగల పనిలో ఒక్కొక్క తీగను మాత్రమే తెరచి అతికి, దానిని కప్పిన పిమ్మటనే రెండవదానిని తాకవలెను. రెండు కొనలు ఒక్కసారి బయటపడి తగులుకొనినచో మిరుమిట్లు గొలుపు నిప్పు పుట్టును. బ్యాటరీకి తగిలించు కనెక్టరులో లోహము బయటకు కానరాని భాగమే ఉండవలెను.

తీగలు పొట్టివైనచో దేనిని పొడిగించవలెను? చాలమంది తెలియక బ్యాటరీ తీగలను పొడిగింతురు. అది తగదు. ట్రాన్సిస్టరులు తెరచి మూయుచుండగా పొడవైన బ్యాటరీ తీగలలో వోల్టేజి ఎగసిపడును. ఆ దెబ్బలను నియంత్రకములోని కెపాసిటరు మోయవలసి వచ్చును. అది వేడెక్కి, ఉబ్బి, ఒకనాడు విఫలమగును. కావున నియంత్రకమును బ్యాటరీ దాపుననే ఉంచి, అవసరమైనచో మోటారు వైపు మూడు తీగలను పొడిగించుటయే మంచిది.

స్థానమును గూర్చి మూడు మాటలు. నియంత్రకమునకు గాలి తగులవలెను. స్పాంజిలో చుట్టి పెట్టుట చలికాలపు పసిబిడ్డకు తగును గాని దీనికి తగదు. 200 వాట్లలో నూటికి అయిదు వంతులు వేడియైనను పది వాట్లు. అది సోల్డరింగ్ ఐరన్ వలె కాకపోయినను, మూసిన పెట్టెలో మెల్లగా కాల్చును. గాలి లోనికి వచ్చు రంధ్రము ఎంతయో, వెలుపలికి పోవు రంధ్రము దానికి రెట్టింపు ఉండవలెను. లోనికి వచ్చిన వేడిగాలి పోవుటకు దారి లేనిచో కొత్తగాలి రాదు. రిసీవరును, దాని యాంటెనాను నియంత్రకమునుండి, మోటారు తీగలనుండి కొంతదూరముగా ఉంచవలెను. సన్నని తీగలు ప్రొపెల్లరునకు గాని, తిరుగు మోటారు గిన్నెకు గాని అందకుండ కట్టివేయవలెను. తిరుగు గిన్నె తీగ తొడుగును ఒరసి తినివేయుట సామాన్యముగా జరుగు చేటు.

ఇంతవరకు చేసినది కట్టడము. ఇకమీద చేయునది పరీక్ష. దీనికి తొలి నియమము ఒక్కటే. ప్రొపెల్లరును తీసివేయుడు. 8,000 చుట్లు తిరుగు పది అంగుళముల ప్రొపెల్లరు కొన గంటకు దాదాపు 380 కిలోమీటర్ల వేగమున పోవుచుండును. అది వ్రేలికి తగిలినచో ఏమగునో వర్ణింపనక్కరలేదు. ఆసుపత్రి దూరమైనచోట ఈ నియమమునకు మినహాయింపు ఉండరాదు. మోటారు తిరుగు పరీక్ష, దిశ పరీక్ష, థ్రాటిల్ పరిధి నేర్పుట, ఇవన్నియు ప్రొపెల్లరు లేకయే చేయవచ్చును.

థ్రాటిల్ పరిధి నేర్పుట ఎట్లనగా, రిసీవరు నుండి వచ్చు సంజ్ఞ ఒక చిన్న విద్యుత్ తోపు. అది సెకనులో వెయ్యవ వంతు పొడవున్నచో ‘ఆగుము’ అని, రెండు వెయ్యవ వంతులున్నచో ‘పూర్తిగా’ అని అర్థము. ఈ పరిధిని ఆ ట్రాన్స్‌మిటరునుబట్టి నియంత్రకమునకు నేర్పవలెను. సాధారణ పద్ధతిలో థ్రాటిల్ కర్రను పైకి నెట్టియుంచి బ్యాటరీ తగిలింతురు. మోటారు కూత వేయును. అప్పుడు కర్రను క్రిందికి దింపుదురు. మరల కూత వేసి ఒప్పుకొన్నట్లు తెలుపును. తయారీదారుల పద్ధతులలో భేదములుండును గావున ముద్రించి యిచ్చిన కాగితమును ముందుగా చదువుట అవసరము.

ఇంకను కొన్ని అమరికలు కలవు. బ్రేకు: గాలిలో జారు గ్లైడరుకు మడచుకొను ప్రొపెల్లరు ఉండును. దానికి బ్రేకు వేయవలెను. స్థిరమైన ప్రొపెల్లరునకు బ్రేకు అక్కరలేదు. కట్ఆఫ్ వోల్టేజి: సెల్లునకు 3.0 నుండి 3.3 వోల్టులు. అది తగిలినప్పుడు మోటారు ఒక్కసారిగా ఆగుటకంటె క్రమముగా తగ్గునట్లు పెట్టుకొనుట శిక్షణార్థికి మేలు. అయినను కట్ఆఫ్ వరకు ఎగురుట పద్ధతి కాదు. 2,200 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ పూర్తి థ్రాటిల్‌లో 18 ఆంపియర్లిచ్చిన సుమారు ఏడు నిమిషములు వచ్చును. నూటికి ఇరువది వంతులు మిగుల్చుకొనినచో ఆరు నిమిషములు. గడియారము పెట్టుకొని ఆ లోపున దిగవలెను. మిగిలినది వృథా కాదు. అది రిసీవరుకు, సర్వోలకు ప్రాణాధారము.

అటుపిమ్మట వాట్‌మీటరును బ్యాటరీకి నియంత్రకమునకు నడుమ తగిలించి, ప్రొపెల్లరు బిగించి, విమానమును గట్టిగా కట్టివేసి, ప్రొపెల్లరు తిరుగు తలమునుండి అందరును తొలగి, ముప్పది సెకనులు పూర్తి థ్రాటిల్ ఇచ్చి చూడవలెను. ఆంపియర్లు లెక్కకు దగ్గరగా ఉన్నవా? ఆగిన వెంటనే నియంత్రకమును తాకిన వేలు నిలుపగలమా? నిలుపలేనిచో ప్రొపెల్లరు తగ్గింపవలెను లేదా గాలి పెంచవలెను. ఇచ్చట ఒక చిత్రము. సగము థ్రాటిల్‌లో నియంత్రకము చల్లగా ఉండునని చాలమంది తలంతురు. తెరచి మూయుటలోని నష్టము సగము థ్రాటిల్‌లోనే హెచ్చు. కావున సగము వద్ద కూడ పరీక్షింపవలెను.

చివరగా ఫెయిల్‌సేఫ్. ట్రాన్స్‌మిటరును ఆపివేసిన మోటారు ఆగునా? విమానమును కట్టివేసియుంచి ఈ పరీక్ష చేయవలెను. ఆగకపోయినచో ఆ విమానమును గడప దాటింపరాదు. స్విచ్చిల వరుస కూడ కంఠస్థము కావలెను. మొదలిడునప్పుడు ముందు ట్రాన్స్‌మిటరు, తరువాత బ్యాటరీ. ముగించునప్పుడు ముందు బ్యాటరీ, తరువాత ట్రాన్స్‌మిటరు.

బ్యాటరీని గూర్చి ఒక హెచ్చరిక చేయక ఈ భాగము ముగింపజాలను. లిథియం బ్యాటరీ మంచి సేవకుడు, చెడ్డ శత్రువు. ఉబ్బినదానిని వాడరాదు. మనుష్యుడు దగ్గర లేకుండ చార్జి చేయరాదు. 45 డిగ్రీలకు మించిన వేడిలో చార్జి చేయరాదు. అనగా ఎర్రబోరు వైశాఖ మధ్యాహ్నమున ఆ పని పనికిరాదు, తెల్లవారుజామున చేసికొనవలెను. తాటాకు కప్పు క్రిందనో, పరుపుపైననో కాక, ఇటుకలపై ఇసుక దాపున ఉంచవలెను. మూసిన వాహనములో ఎండకు వదలరాదు. కొన్నిదినములు వాడనిచో సెల్లునకు 3.8 వోల్టుల వద్ద నిలువయుంచవలెను.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తును. ఇంత శ్రద్ధతో కట్టిన విమానమును ఎర్రబోరులో ఎగురవేయవచ్చునా?

ఆ ఊరిని గూర్చి కొంత తెలిసినవారికి ఈ ప్రశ్న బరువు తెలియును. 2006 జూలైలో ఒక రాత్రి అచ్చటి సహాయశిబిరముపై మావోయిస్టులు దాడి చేయగా పెక్కుమంది ప్రాణములు కోల్పోయిరి. ఆ రాత్రిని చూచినవారు, వారి బిడ్డలు ఆ సీమలోనే జీవించుచున్నారు. భద్రతాదళములు డ్రోనులను వాడిన సీమ అది. అట్టిచోట ఆకాశమున ఒక మూలుగు వినిపించినచో, మన పిల్లవానికి అది తన విమానము. పొలములోని రైతునకు, కాపలాలోని జవానుకు అది ఏమిటో తెలియని వస్తువు. మన వినోదము ఇతరుల గుండెలలో భయము కారాదు. కాపలాదారు దానిని శత్రువస్తువుగా తలచినచో తప్పు వానిది కాదు.

చట్టము కూడ ఈ మాటనే చెప్పుచున్నది. 2021 ఆగస్టు 25న కేంద్రప్రభుత్వము ప్రకటించిన డ్రోన్ నియమములు, విద్యకు, పరిశోధనకు, వినోదమునకు కంటిచూపు మేరలో నడుపు 25 కిలోలకు మించని విమానములను మోడల్ తరగతిగా నిర్వచించినవి. దేశపటమును పచ్చ, పసుపు, ఎరుపు మండలములుగా విభజించినవి. ఎరుపు మండలములో కేంద్రప్రభుత్వ అనుమతి లేనిదే ఎగురవేయరాదు. నియమములు కాలానుగుణముగా మారుచుండును గావున ఎగురవేయు దినమున అమలులోనున్నదానిని చూచుకొనవలెను. పటము ఏ రంగు చూపినను, ఎర్రబోరు వంటిచోట పోలీసు ఠాణా, దాపుననున్న భద్రతాశిబిరము లిఖితముగా ఔననక ప్రొపెల్లరు బిగింపరాదు. మనము ప్రభుత్వోద్యోగులము. నియమమును పాటించుటలో ఇతరులకు మనమే మాదిరి.

అయినచో శ్రమ వ్యర్థమా? కాదు. నేను చెప్పిన పనిలో నూటికి తొంబది వంతులు బల్లమీదనే జరుగును. ఎన్నిక, లెక్క, టంకము, అమరిక, ప్రొపెల్లరు లేని పరీక్ష, వీటికి ఆకాశముతో పనిలేదు, ఎవరి అనుమతియు అక్కరలేదు. ఎర్రబోరులో కట్టి, పరీక్షించి, సెలవులకు సొంత ఊరికి పోయినప్పుడు, అనుమతింపబడిన మైదానములో, అనుభవజ్ఞుని సమక్షమున ఎగురవేయవచ్చును. బ్యాటరీలను బస్సులోనో రైలులోనో తీసికొనిపోవుటకు ముందు అచ్చటి నిబంధనలను విచారించుకొనవలెను. నిదానమే ప్రధానమని మన పెద్దలన్న మాట ఈ విద్యకు తగినట్లు మరి దేనికిని తగదు.

ఇంకొక ప్రయోజనమును కూడ చెప్పెదను. 2021 సెప్టెంబరు 11న తెలంగాణములోని వికారాబాదులో ‘మెడిసిన్ ఫ్రమ్ ది స్కై’ అను పథకము ప్రారంభమైనది. డ్రోనుల ద్వారా ఔషధములను దూరపు ఆరోగ్యకేంద్రములకు చేర్చు ప్రయోగమది. ఆ విద్యుత్ డ్రోనుల ప్రతి మోటారునకు వెనుక ఒక వేగనియంత్రకము కలదు. మన బల్లమీది ముక్కకు అది అన్నదమ్ముడే. వర్షాకాలమున వాగులు పొంగి దారులు తెగు సీమలకు మందు చేరవేయు విద్య, యుద్ధమునకు వాడు విద్య, పిల్లల ఆట విద్య, మూడింటికి మూలము ఒక్కటే. ఏది ఎవరి చేతిలో ఏమగునో అది ఆ చేతులకు నేర్పిన సంస్కారముపై నుండును.

కావున తలిదండ్రులకు నా మనవి ఇది. మీరెచ్చట పనిచేయుచున్నను, మీ బిడ్డ యంత్రమును విప్పి చూడగోరినప్పుడు వద్దనకుడు. ప్రక్కన కూర్చుండి ఎరుపు తీగ ఎరుపుతోనే కలిసినదా యని చూడుడు. ప్రొపెల్లరు తీసివేసితివా యని అడుగుడు. పొరుగువాని భయమును గూర్చి కూడ చెప్పుడు. ఈ మూడును నేర్చిన బిడ్డ ఏ శాఖలో ప్రవేశించినను ఆ శాఖకు మేలే జరుగును. మోటారును తిప్పుట తేలిక. దానిని ఎప్పుడు ఆపవలెనో తెలిసియుండుటయే విద్య.

 సభానంతరము బల్లవద్ద ఒక మోటారును, నియంత్రకమును ఉంచితిని. ప్రొపెల్లరు లేదు గావున పిల్లలు నిర్భయముగా వచ్చి చూడవచ్చును.